నాలుగేళ్ల గుర్రంతో అఫిలియేటెడ్ డ్రెస్సేజ్: ఎక్కడ, ఏ తరగతిలో, ఎప్పుడు మొదలుపెట్టాలి?

బ్రిటన్‌లో ఒక లేత గుర్రాన్ని కొని, ఏడాదిపాటు ఓపికగా దారికి తెచ్చుకున్న రౌతుకు త్వరలోనే ఒక ప్రశ్న ఎదురవుతుంది. దగ్గరలోని రైడింగ్ క్లబ్బులు నిర్వహించే చిన్న పోటీలతో కొంతకాలం సరిపెట్టుకోవాలా, లేక బ్రిటిష్ డ్రెస్సేజ్ సంస్థ నిబంధనల కింద జరిగే, అందరూ అఫిలియేటెడ్ అని పిలిచే పోటీలలో నేరుగా దిగాలా? 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో భారత డ్రెస్సేజ్ జట్టు స్వర్ణం గెలిచినప్పటి నుంచి ఈ క్రీడ పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు. అయినా గుర్రమూ రౌతూ కలిసి అక్షరాలు పెట్టిన దీర్ఘచతురస్రపు అరీనాలో, టెస్టు అని పిలిచే, ముందే నిర్ణయించిన క్రమంలో కదలికలు చూపగా, జడ్జి ఒక్కో కదలికకు సున్నా నుంచి పది వరకు మార్కులు వేసే ఈ ఆటలో తొలి మెట్టు ఎలా ఎంచుకోవాలన్నది ఇంగ్లండ్‌లో గుర్రం ఉంచుకున్నవారికి కూడా వెంటనే తేలే సంగతి కాదు.

సాధారణంగా ఈ నిర్ణయం తలకిందులుగా జరుగుతుంది. మొదట సభ్యత్వ రుసుము కడతారు, తరువాత తరగతి ఎంచుకుంటారు, చివరకు ఆ తరగతి ఏ కేంద్రంలో ఏ ఆదివారం ఉందో చూసుకుంటారు. లేత గుర్రం విషయంలో మొదట స్థలం, తరువాత తరగతి, అన్నిటికన్నా చివర సభ్యత్వం చూసుకోవాలన్నది నా అభిప్రాయం. టెస్టులో అడిగే ఇరవై మీటర్ల వలయాన్ని ఆ గుర్రం ఇంటి దగ్గర రోజూ చేస్తూనే ఉంటుంది. అది ఇంతవరకు చూడనివి వేరే ఉన్నాయి: ఎదురుగా దూసుకువచ్చే పది కొత్త గుర్రాలు, మైకులో వినిపించే పేర్లు, అరీనా అంచున గాలికి కదిలే పూలకుండీలు, తోటి గుర్రాలను వదిలి ఒంటరిగా లోపలికి వెళ్లవలసి రావడం. మొదటి ఏడాది పరీక్ష ఈ విషయాలలోనే జరుగుతుంది కాబట్టి, పోలిక కూడా వీటితోనే మొదలుపెట్టాలి.

రెండు రకాల పోటీల మధ్య నిజమైన తేడా

అఫిలియేటెడ్ పోటీలో ముఖ్యంగా లభించేది శిక్షణ పొందిన జడ్జి. బ్రిటిష్ డ్రెస్సేజ్ తన జడ్జీలను ఆరు జాబితాలుగా విభజిస్తుంది. ఆరో జాబితాలోనివారు తొలి స్థాయిలకు మార్కులు వేస్తారు, మొదటి జాబితాలోనివారు అత్యున్నత స్థాయి అయిన గ్రాండ్ ప్రి వరకు వేయగలరు, ఒక జాబితా నుంచి పై జాబితాకు వెళ్లాలంటే శిక్షణ, పరీక్ష తప్పవు. టెస్టు ముగిశాక చేతికి వచ్చే మార్కుల పత్రంలో ప్రతి కదలికకూ ఒక మార్కు, దాని పక్కన ఒకటి రెండు మాటల వ్యాఖ్య, చివర గుర్రం నడకల గురించీ రౌతు కూర్చున్న తీరు గురించీ స్థూలమైన అభిప్రాయం ఉంటాయి. నా లెక్కలో గెలిచినవారికిచ్చే రిబ్బన్ కంటే ఈ కాగితమే విలువైనది, ఎందుకంటే ఆరు నెలల వ్యవధిలో ముగ్గురు వేర్వేరు జడ్జీలు ఒకే లోపాన్ని ఎత్తిచూపితే అది ఆ రోజు పొరపాటు కాదనీ శిక్షణలోని లోటనీ తెలుస్తుంది.

స్థానిక పోటీలలో కూడా చాలాచోట్ల బ్రిటిష్ డ్రెస్సేజ్ టెస్టులనే వాడతారు, కొన్నిచోట్ల జాబితాలో ఉన్న జడ్జీలే వస్తారు, మరికొన్ని చోట్ల ఆ ప్రాంతపు శిక్షకులు కూర్చుంటారు. అందువల్ల స్థానిక పోటీలో వచ్చిన డెబ్బై శాతాన్ని అఫిలియేటెడ్ పోటీలో వచ్చిన అరవై నాలుగు శాతంతో పోల్చి బాధపడవలసిన పనిలేదు, ఆ రెండు అంకెలు ఒకే కొలబద్దతో కొలిచినవి కావు. లేత గుర్రానికి ప్రిలిమినరీ అనే ఆరంభ స్థాయిలో అరవై దాటడం సక్రమమైన ఆరంభం, అరవై అయిదు మంచి ఫలితం.

గట్టి తేడా నిబంధనల అమలులో కనిపిస్తుంది. అఫిలియేటెడ్ పోటీలో గుర్రం నాలుగు కాళ్లూ అరీనా దాటి బయటపడితే ఆ టెస్టు అక్కడితో ముగిసినట్టే. దారి తప్పితే మొదటి రెండుసార్లు మార్కులు పోతాయి, మూడోసారి పోటీ నుంచే తప్పిస్తారు. వార్మప్‌లో కాళ్లకు కట్టిన బూట్లు విప్పకుండా లోపలికి వెళ్లినా, అనుమతి లేని కళ్లెపు కమ్మి (నోట్లో ఉంచే భాగం) వాడినా అదే గతి. స్థానిక పోటీలో ఇవే జరిగితే చాలామంది నిర్వాహకులు చిరునవ్వుతో చూసీ చూడనట్టు పోనిస్తారు, గుర్రం బెదిరితే "ఇంకొక వలయం తిప్పి మళ్లీ మొదలుపెట్టండి" అనే జడ్జీ ఉంటారు. భయపడిన గుర్రం భయం తగ్గేవరకు ఆ చోటే ఉండి, పని ముగించి బయటకు రావడం దాని చదువులో చాలా పెద్ద భాగం కాబట్టి, ఆ వెసులుబాటుకు విలువ ఉంది.

అయితే స్థానిక పోటీ ఎప్పుడూ తేలికైనదని అనుకోవడం కూడా పొరపాటే. వేసవిలో పచ్చిక మైదానంలో జరిగే స్థానిక ప్రదర్శనలో ఒక పక్క డ్రెస్సేజ్, మరో పక్క దూకుళ్ల పోటీ, నడుమ పోనీల మీద పరుగులు తీసే పిల్లలు, ఐస్‌క్రీమ్ వ్యాను, జెనరేటర్ చప్పుడు అన్నీ కలిసి ఉంటాయి. వర్షం పడితే ఆ గడ్డి మీద లేత గుర్రం ఒక్కసారి జారినా, తరువాత చాలాకాలం మలుపుల దగ్గర సందేహిస్తుంది. దానితో పోలిస్తే వారం మధ్యలో ఒక శిక్షణ కేంద్రంలో, మంచి ఇసుక ఫైబర్ నేల మీద, రౌతులకు విడివిడిగా సమయాలు కేటాయించి జరిపే అఫిలియేటెడ్ పోటీ ఎంతో ప్రశాంతంగా సాగుతుంది. స్థలాన్ని ముందు చూడమనడానికి కారణం ఇదే. పోటీ పేరు ముందున్న విశేషణం గుర్రానికి తెలియదు, దానికి తెలిసేది నేల, శబ్దం, జనం మాత్రమే.

ఈ రెండింటికీ ముందు మరో రెండు దారులున్నాయి. ఒకటి, పోటీ లేని రోజున అదే కేంద్రంలో అరీనాను గంటకు అద్దెకు తీసుకుని, గుర్రాన్ని ట్రైలర్‌లో తీసుకువెళ్లి, అక్కడ అరగంట పనిచేయించి తీసుకురావడం. రెండు, టెస్టును ఇంటి అరీనాలోనే వీడియో తీసి పంపే ఆన్‌లైన్ పోటీ. ఇది 2020 తరువాత బాగా వ్యాపించింది, చవకైనది, జడ్జి వ్యాఖ్యలు కూడా వస్తాయి. కానీ గుర్రం ఇల్లు కదలదు కాబట్టి నేను చెప్పిన అసలు చదువు అందులో లేదు. టెస్టు క్రమం, అక్షరాల దగ్గర కచ్చితత్వం రౌతు నేర్చుకోవడానికి ఆన్‌లైన్ పోటీ, గుర్రం నేర్చుకోవడానికి అద్దె అరీనా అని విడదీసుకుంటే రెండూ పనికివస్తాయి.

నాలుగేళ్లకా, అయిదేళ్లకా?

బ్రిటిష్ డ్రెస్సేజ్ పోటీలకు గుర్రం కనీసం నాలుగేళ్లది కావాలి. అయితే వయసును జనవరి 1 నుంచి లెక్కిస్తారు. 2022 జూన్ చివర పుట్టిన గుర్రం 2026 జనవరి 1న కాగితం మీద నాలుగేళ్లది అవుతుంది కానీ, అప్పటికి దాని అసలు వయసు మూడేళ్ల ఆరు నెలలే. అదే సంవత్సరం ఫిబ్రవరిలో పుట్టిన గుర్రంతో అది ఒకే తరగతిలో నిలబడుతుంది. ఆ వయసులో నాలుగు నెలల తేడా కంటికి కనిపిస్తుంది, కాబట్టి నాలుగేళ్లు నిండాయా అని అడిగేవారు పుట్టిన నెలను కూడా చూడాలి.

శరీరం సంగతి ఇంకా ముఖ్యం. కాళ్ల ఎముకలు ముందుగా గట్టిపడతాయి, వెన్నెముకలోని పెరుగుదల ఫలకాలు మాత్రం సుమారు అయిదున్నర, ఆరేళ్లకు గానీ పూర్తిగా మూసుకోవు. ఎత్తుగా, పొడుగ్గా పెరిగే వార్మ్‌బ్లడ్ జాతి గుర్రాలలో నాలుగేళ్ల వయసున పిరుదులు వీపు ముందుభాగం కంటే ఎత్తుగా ఉండటం తరచుగా చూస్తాం. అలాంటి దశలో గుర్రం బరువు సహజంగానే ముందుకు పడుతుంది, అది సమతూకం కోసం పగ్గాల మీద ఆనుకుంటుంది, దానిని మొండితనమని తీసుకుంటే రౌతు చేయి బరువెక్కుతుంది.

నోటి సంగతి చాలామంది మరచిపోతారు. గుర్రానికి రెండున్నర, మూడున్నర, నాలుగున్నర ఏళ్ల ప్రాంతంలో ముందు పళ్లు జత జతగా మారతాయి, వెనుక దంతాల మీది పాల టోపీలు సుమారు నాలుగేళ్ల వరకు ఊడుతూనే ఉంటాయి, మగ గుర్రాలకు నాలుగు, అయిదేళ్ల మధ్య కోరపళ్లు చిగురు చీల్చుకుని వస్తాయి. అంటే పోటీలు మొదలుపెట్టే వేళకే నోరు పచ్చిపుండులా ఉండవచ్చు. గత వారం వరకు కళ్లేన్ని నెమ్మదిగా అందుకున్న గుర్రం ఉన్నట్టుండి తల ఎగరేస్తే, ఒక వైపు పగ్గం మీద మాత్రమే అడ్డం తిరిగితే, మార్కుల పత్రంలో "పగ్గాల స్పర్శ నిలకడగా లేదు" అన్న వ్యాఖ్య వస్తే, శిక్షకుడికన్నా ముందు దంతవైద్యుడిని పిలవాలి. ఈ ఒక్క కారణంతో పోటీని రెండు నెలలు వాయిదా వేసినా పోయేదేమీ లేదు.

కాబట్టి చిన్న కట్టుతో, సమతూకంగా పెరిగిన, స్వభావరీత్యా నిబ్బరమైన గుర్రాన్ని నాలుగేళ్ల వేసవిలో రెండు మూడు చిన్న పోటీలకు తీసుకువెళ్లి, శీతాకాలమంతా విశ్రాంతి, తేలికపాటి పని ఇవ్వడం మంచి పద్ధతి. ఇంకా పెరుగుతున్న, పదిహేడు చేతుల (గుర్రాల కొలతలో చేయి అంటే నాలుగు అంగుళాలు) ఎత్తు దాటే గుర్రాన్ని నాలుగో ఏట అద్దె అరీనాలకు తిప్పి, అయిదో ఏట పోటీలో దింపడం మేలు. ప్రఖ్యాత బ్రిటిష్ డ్రెస్సేజ్ గుర్రం వాలెగ్రో 2002లో పుట్టి, పదేళ్ల వయసులో 2012 లండన్ ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచింది, 2014 డిసెంబరులో లండన్ ఒలింపియాలో 94.3 శాతంతో ఫ్రీస్టైల్ (సంగీతానికి అనుగుణంగా చేసే టెస్టు) ప్రపంచ రికార్డు నెలకొల్పేనాటికి దానికి పన్నెండేళ్లు. గ్రాండ్ ప్రి గుర్రం పక్వానికి వచ్చే వయసు అది. నాలుగో ఏట ఒక సీజన్ మిగుల్చుకోవడం వల్ల ఆ గడువు దాటిపోదు.

తరగతుల ఎంపిక

తొలి మెట్టున నాలుగు తలుపులున్నాయి: ఇంట్రో, ప్రిలిమినరీ, నోవిస్, లేత గుర్రాలకే ప్రత్యేకించిన యంగ్ హార్స్ తరగతులు.

ఇంట్రో టెస్టులలో వాక్ (మామూలు నడక), ట్రాట్ (దుడుకు నడక) మాత్రమే ఉంటాయి, కాంటర్ (నెమ్మది దౌడు) ఉండదు. గుర్రానికి ఇంటి దగ్గర కాంటర్ ఇంకా కుదరకపోతే పోటీకే తొందర పడవద్దని కొందరు శిక్షకులు అంటారు. నేను అంత కఠినంగా చెప్పను. కొత్త చోట కాంటర్ అడగగానే ఉద్రేకపడి వీపు ఎత్తే గుర్రాలు కొన్ని ఉంటాయి, వాటికి మొదటి రెండు పర్యటనలు ఇంట్రోతో ముగించడం నిజమైన సహాయమే. కానీ ఇంట్రోలో అధిక కాలం ఉండటం మాత్రం వ్యర్థం, ఎందుకంటే అక్కడ రౌతుకు దొరికే సమాచారం తక్కువ.

నూటికి తొంభైమందికి సరైన తలుపు ప్రిలిమినరీయే. మూడు నడకలు, ఇరవై మీటర్ల వలయాలు, పెద్ద వంపులు, ఒకటి రెండుసార్లు ఆగి నిలబడటం, పొడుగు పగ్గం మీద స్వేచ్ఛగా వాక్: ఇంతకు మించి అడగరు. టెస్టు అయిదారు నిమిషాలలో ముగుస్తుంది. ఇందులో రౌతులు చాలా తేలికగా తీసుకునే భాగం ఆ స్వేచ్ఛా వాక్. చాలా టెస్టులలో దానికి మార్కులు రెట్టింపు. మెడను ముందుకూ కిందికీ చాపి, భుజాలు వదులుగా ఊపుతూ, వెనుక డెక్క ముందు డెక్క పడిన గుర్తును దాటి పడేలా నడిచిన గుర్రానికి ఏడు, ఏడున్నర వస్తుంది. అదే గుర్రం ఉద్వేగంతో ఉంటే పగ్గం వదలగానే తల పైకెత్తుతుంది, నాలుగు అడుగుల వాక్ నడుమ రెండు అడుగుల ట్రాట్ దొర్లుతుంది, అక్కడ నాలుగు మార్కు పడుతుంది, అది రెట్టింపై మొత్తాన్ని కిందికి లాగుతుంది. ఇంటి దగ్గర ఎంత మంచి ట్రాట్ చేసినా, గుర్రం మనసు ఎలా ఉందో ఈ వాక్ దాచకుండా చెబుతుంది. అందుకే ఆ రోజు స్వేచ్ఛా వాక్‌కు వచ్చిన మార్కునే తరువాతి పోటీ ఎప్పుడన్నదానికి కొలతగా పెట్టుకోవచ్చు.

ప్రిలిమినరీలోనే మరో చిన్న ఎంపిక ఉంది. కొన్ని తరగతులు ఇరవై, నలభై మీటర్ల చిన్న అరీనాలో, కొన్ని ఇరవై, అరవై మీటర్ల పెద్ద అరీనాలో జరుగుతాయి. చిన్న అరీనా తేలికని కొత్తవారు భావిస్తారు. పెద్ద అంగలు వేసే ఎత్తైన గుర్రానికి అది నిజానికి కష్టం, ఎందుకంటే కాంటర్‌లో సమతూకం దొరికేలోపే మూల వచ్చి పడుతుంది. అటువంటి గుర్రానికి పొడుగు అరీనా వెతకాలి. పొట్టిగా, చురుకుగా ఉండే కాబ్, కానెమారా వంటి రకాల గుర్రాలకు ఏదైనా ఒకటే.

నోవిస్‌లో అంగలను సాగదీసి చూపడం, చిన్న వలయాలు, మరింత నిలకడగా కళ్లేన్ని అందుకోవడం అడుగుతారు. నాలుగేళ్ల గుర్రాన్ని నేరుగా ఇక్కడ దింపడానికి అనుభవజ్ఞుడైన రౌతుకు తప్ప ఇతరులకు కారణం లేదు. శక్తి పెరగకముందే అంగలు సాగదీయమని అడిగితే గుర్రం వేగం పెంచుతుంది, లయ చెడుతుంది, ఆ అలవాటును సరిదిద్దడానికి ఒక శీతాకాలం పడుతుంది.

ఇక యంగ్ హార్స్ తరగతులు. వీటి మూల్యాంకనమే వేరు. నాలుగు, అయిదు, ఆరేళ్ల గుర్రాలకు సాధారణంగా వాక్, ట్రాట్, కాంటర్, విధేయత, భవిష్యత్ సామర్థ్యం అనే అయిదు అంశాలకు దశాంశాలతో మార్కులు వేస్తారు. కదలిక కదలికకూ విడిగా మార్కు ఉండదు. పెద్ద పోటీలలో జడ్జీలు టెస్టు ముగియగానే తమ అభిప్రాయాన్ని మైకులో అందరికీ వినిపిస్తారు. ఒక మూల కొద్దిగా తప్పినా, ఆగడం వంకరైనా, గుర్రం నడకల నాణ్యత గొప్పదైతే మార్కు అంతగా తగ్గదు. అంటే సాధారణ ప్రిలిమినరీ గుర్రానికి ఇప్పుడు ఎంత వచ్చునని అడుగుతుంది, యంగ్ హార్స్ తరగతి అది రేపు ఏమి కాగలదని అడుగుతుంది. ఈ దారి చివర నెదర్లాండ్స్‌లోని ఎర్మెలో, జర్మనీలోని వెర్డెన్ వంటి చోట్ల జరిగే లేత గుర్రాల ప్రపంచ ఛాంపియన్‌షిప్ ఉంది, అది అయిదు, ఆరు, ఏడేళ్ల గుర్రాలకు.

ఈ దారి ఎవరికి? మంచి వంశం, సహజంగా ఎగిసే ట్రాట్, పైకి లేచే కాంటర్ ఉన్న గుర్రాన్ని అమ్మకం కోసమో, బ్రీడింగ్ కోసమో నలుగురి కంట పడేలా చూపదలచిన పెంపకందారులకు ఇది సహేతుకమైన మార్గం. సాధారణ నడకలున్న, తెలివైన, కష్టపడే గుర్రానికి ఇది అన్యాయం చేస్తుంది. ట్రాట్‌కు ఆరున్నర వచ్చిన ఆ గుర్రమే ఆరేళ్ల తరువాత మీడియం అనే పై స్థాయిలో అందరికంటే నమ్మకంగా పనిచేయవచ్చు, కానీ ఆ గుణానికి ఇక్కడ గడి లేదు. మరో ప్రమాదం క్యాలెండర్‌ది. అంతర్జాతీయ అశ్వక్రీడల సమాఖ్య ఆరేళ్ల గుర్రాల టెస్టులో కాంటర్‌లో కాలు మార్చే ఫ్లయింగ్ చేంజ్, పక్కకు నడిచే హాఫ్‌పాస్ ఉంటాయి. నాలుగో ఏట ఈ వరుసలో చేరినవారికి అయిదో ఏట, ఆరో ఏట ఏమి నేర్పాలో గుర్రం కాక క్యాలెండర్ నిర్ణయించడం మొదలుపెడుతుంది. ఏ సంవత్సరమైనా ఈ వరుస నుంచి తప్పుకుని సాధారణ తరగతికి మారే ధైర్యం ఉన్నవారే ఇందులో అడుగుపెట్టాలని నా సలహా.

సభ్యత్వం, విభాగం

అఫిలియేటెడ్ పోటీ అనగానే రౌతుకు పూర్తి సభ్యత్వం, గుర్రానికి పూర్తి నమోదు తప్పనిసరి అని చాలామంది భావిస్తారు. అలా లేదు. ఒక్క తరగతికి అదనపు రుసుము కట్టి పాల్గొనే పద్ధతి (తరగతి టిక్కెట్), తక్కువ రుసుముతో పరిమిత హక్కులిచ్చే సభ్యత్వం, ప్రాంతీయ, జాతీయ ఛాంపియన్‌షిప్‌లకు అర్హత ఇచ్చే పూర్తి సభ్యత్వం అని స్థూలంగా మూడు అంతస్తులు ఉంటూ వచ్చాయి. వాటి పేర్లు, ధరలు ఏడాదికేడాది మారతాయి కాబట్టి ఆ సంవత్సరపు నియమావళినే చూడాలి. ఏడాదికి మూడు నాలుగు పోటీలకు మించి ఆ గుర్రం వెళ్లదనుకుంటే తరగతికి ఇంత అని కట్టడమే చౌక. అంతకన్నా ముఖ్యమైన కారణం మానసికమైనది. పూర్తి సభ్యత్వం కట్టిన రౌతు ఆ డబ్బు గిట్టుబాటు చేసుకోవాలని, గుర్రం అలసిన వారంలో కూడా ట్రైలర్ ఎక్కిస్తాడు.

విభాగం సంగతి కూడా చూసుకోవాలి. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అనే విభాగాలను నిర్ణయించేటప్పుడు రౌతు గత అనుభవాన్ని లెక్కలోకి తీసుకుంటారు. ఇదివరకు మరో గుర్రంతో పై స్థాయిలలో పోటీపడిన రౌతు, కొత్త గుర్రంతో ప్రిలిమినరీకి వచ్చినా వృత్తిరౌతుల సరసన నిలబడవలసి రావచ్చు. ఫలితం పట్టించుకోకపోతే ఇది ఇబ్బంది కాదు. పట్టించుకునేవారు మాత్రం ఎంట్రీ పంపేముందే తెలుసుకోవాలి. ఫలితం నమోదు కాకుండా, బహుమతికి లెక్క లేకుండా హోర్ కాంకూర్‌గా స్వారీ చేసే వీలు కూడా ఉంది, మొదటి పోటీకి అది గౌరవప్రదమైన మార్గమే.

ఆ రోజు ఎలా గడుస్తుంది

ఇన్‌డోర్, అవుట్‌డోర్ అరీనాల మధ్య ఎంపిక చిన్నది కాదు. ఇన్‌డోర్‌లో గాలి, వాన ఉండవు. కానీ రేకుల పైకప్పు మీద వాన శబ్దం, గోడ వెనుక గ్యాలరీలో కుర్చీల చప్పుడు, వార్మప్ చోటు నుంచి చీకటి గుమ్మం గుండా లోపలికి ఒంటరిగా నడవడం ఉంటాయి. అవుట్‌డోర్‌లో జడ్జి తరచుగా సి అక్షరం వెనుక నిలిపిన తన కారులోనే కూర్చుంటారు, పక్కన మార్కులు రాసే సహాయకురాలు ఉంటుంది, మొదలుపెట్టమని కారు హారన్ మోగిస్తారు. హారన్ మోగిన నలభై అయిదు సెకన్లలో లోపలికి ప్రవేశించాలి. వాన రోజున గుర్రం మధ్యరేఖ మీద నేరుగా ఆ కారు వైపే ట్రాట్ చేస్తూ వస్తుంటే, అద్దం మీద వైపర్లు ఒక్కసారి అటూ ఇటూ ఊగుతాయి. ఎన్నడూ అలాంటిది చూడని గుర్రం సి దగ్గర రెండు గజాలు పక్కకు దూకుతుంది. ఈ ఒక్క దృశ్యానికి ఇంటి దగ్గరే సిద్ధం చేయవచ్చు: అరీనా చివర కారు నిలిపి, ఒకరిని లోపల కూర్చోబెట్టి, హారన్ కొట్టించి, వైపర్లు తిప్పించి, గుర్రాన్ని దాని ముందు రోజూ తిప్పితే వారంలో అది పట్టించుకోవడం మానేస్తుంది.

వార్మప్‌లో ఎదురెదురుగా వచ్చే గుర్రాలు ఎడమ చేయి ఎడమ చేతి పక్కగా దాటాలన్నది ఆచారం, వాక్‌లో ఉన్నవారు అంచు వదిలి లోపలి వైపు నడవాలి. గుర్రం లేతదని తెలిపేందుకు తోకకు ఆకుపచ్చ రిబ్బన్, తన్నేదైతే ఎర్ర రిబ్బన్ కడతారు. ఆకుపచ్చ రిబ్బన్ కట్టడం చిన్నతనమని అనుకోవద్దు, దాన్ని చూసి చాలామంది దూరంగా తప్పుకుంటారు.

మన పల్లెల్లో కొత్త కోడెను కాడికి అలవాటు చేసేటప్పుడు పక్కన ముదురు ఎద్దునే కడతారు. ఇక్కడా అదే పద్ధతి పనిచేస్తుంది. అనుభవమున్న ఒక గుర్రాన్ని తోడుగా తీసుకువెళ్లగలిగితే మొదటి రెండుసార్లు ప్రయాణం, వార్మప్ సగం తేలికవుతాయి. అయితే మూడో పర్యటన నాటికి తోడు లేకుండా వెళ్లాలి, లేకపోతే స్నేహితుణ్ణి వదిలి అరీనాలోకి వెళ్లవలసిన క్షణంలోనే గుర్రం కేకలు పెట్టడం నేర్చుకుంటుంది.

సాధారణ తరగతులలో టెస్టును పక్కన నిలబడి చదివి వినిపించే మనిషిని పెట్టుకోవచ్చు. రౌతుకు టెస్టు కంఠతా వచ్చినా సరే, లేత గుర్రంతో వెళ్లినప్పుడు ఈ సౌకర్యం వాడుకోవాలి. గుర్రం బెదిరినప్పుడు మనసంతా దాని మీదే ఉండాలి, తరువాత ఏ అక్షరం దగ్గర తిరగాలో గుర్తు చేసుకోవడం మీద కాదు.

కాగితాలు, ప్రయాణం

ఇవి ఏ దారిలో వెళ్లినా తప్పవు. గుర్రానికి పాస్‌పోర్టు ఉండాలి, ప్రయాణంలో అది వెంట ఉండాలి, ఇంగ్లండ్‌లో 2020 అక్టోబరు 1 నుంచి ప్రతి గుర్రానికీ మైక్రోచిప్ తప్పనిసరి. ఇన్‌ఫ్లూయెంజా టీకాల తొలి మూడు మోతాదుల మధ్య గడువులు నిబంధనలలో రోజుల లెక్కన ఉంటాయి, ఒక మోతాదు గడువు దాటితే మొత్తం మళ్లీ మొదలుపెట్టవలసి వస్తుంది. కొన్నప్పుడే పాస్‌పోర్టులోని తేదీలు చూపించి పశువైద్యుడి చేత సరిచూయించుకోవడం మంచిది. టీకా వేసిన వారంలోపు పోటీకి తీసుకువెళ్లరాదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1971 నాటి జంతువుల చట్టం కింద, తమ వైపు నిర్లక్ష్యం లేకపోయినా గుర్రం వల్ల జరిగిన నష్టానికి దాన్ని ఉంచుకున్నవారు బాధ్యులయ్యే సందర్భాలున్నాయి. సభ్యత్వంతోపాటు ఇతరులకు జరిగే నష్టానికి బీమా వస్తుందో లేదో చూసుకోవాలి, తరగతికి ఇంత అని కట్టి పాల్గొనేవారు బ్రిటిష్ హార్స్ సొసైటీ వంటి చోట నుంచి ఆ రక్షణ విడిగా తీసుకోవచ్చు. 2021 డిసెంబరు నుంచి మామూలు కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగవచ్చు, అయితే ఆ బరువును లాగే సామర్థ్యం మీ కారుకు ఉందా అన్నది వేరే ప్రశ్న. మూడున్నర టన్నుల హార్స్‌బాక్స్ కొన్నవారు రెండు పెద్ద గుర్రాలను ఎక్కించేముందు తూకపు వంతెన మీద ఒకసారి తూచుకోవాలి.

ఎవరికి ఏది

వారాంతాలలో మాత్రమే సమయం దొరికే, తన మొదటి లేత గుర్రాన్ని తానే సిద్ధం చేసుకుంటున్న రౌతు నాలుగో ఏట అద్దె అరీనాలతో మొదలుపెట్టి, శరదృతువులో ఒకటి రెండు ప్రశాంతమైన పోటీలలో, అవి అఫిలియేటెడ్ అయినా కాకపోయినా, ప్రిలిమినరీ చేసి ఆపాలి. అయిదో ఏటి వసంతంలో తరగతి టిక్కెట్లతో అఫిలియేటెడ్ పోటీలకు వెళ్లి, స్వేచ్ఛా వాక్‌కు వరుసగా ఆరున్నర, ఏడు వస్తున్నాయని తెలిశాక సభ్యత్వం గురించి ఆలోచించాలి.

గుర్రానికి అసాధారణమైన నడకలుండి, రౌతుకు నోవిస్ పైనున్న ఎలిమెంటరీ స్థాయి దాటిన అనుభవముంటే, ఒక యంగ్ హార్స్ తరగతి ప్రయత్నించడంలో తప్పులేదు. కానీ దానికి ముందు ఒక మామూలు ప్రిలిమినరీ చేయించి తీరాలి, ఎందుకంటే జనం మధ్య ఎలా ఉంటుందో తెలియని గుర్రాన్ని యంగ్ హార్స్ తరగతికి తీసుకువెళ్లడం డబ్బు దండగ. రౌతు అనుభవం తక్కువై, గుర్రం ఉద్రేక స్వభావం గలదైతే, మొదటి మూడు పోటీలకు వృత్తిరౌతు చేత స్వారీ చేయించడం ఖరీదైనా సరైన ఎంపికే. అలాంటప్పుడు యజమాని ఇంటి దగ్గర కూర్చోకుండా వార్మప్ అంచున నిలబడి, ఆ రౌతు గుర్రం బెదిరిన క్షణంలో చేయి ఎక్కడ ఉంచాడో, ఎప్పుడు వాక్‌కు తగ్గించాడో చూడాలి.

పందేల నుంచి విడుదలైన థరోబ్రెడ్ అయిదేళ్లకే జనానికి, ప్రయాణానికి, మైకులకు అలవాటుపడి ఉంటుంది కాబట్టి దాని విషయంలో లెక్క మారుతుంది. స్థలం దానికి కొత్త కాదు, నెమ్మదిగా కాంటర్ చేయడమే కొత్త, పైగా గడ్డి మైదానం చూస్తే పరుగు గుర్తుకొస్తుంది. దానికి ఇన్‌డోర్ ఇంట్రో మంచి ఆరంభం.

నోవిస్‌కు ఎప్పుడు వెళ్లాలన్నది ఈ అందరికీ ఒకేలా వర్తిస్తుంది. శాతాన్ని బట్టి కాక, మూడు వేర్వేరు కేంద్రాలలో గుర్రం ట్రైలర్ దిగిన అరగంటలోపు గడ్డి తింటూ నిలబడగలిగి, ప్రిలిమినరీ టెస్టులో కుడి, ఎడమ రెండు దిశలలోనూ కాంటర్ అడిగిన అక్షరం దగ్గరే అందుకుంటుంటే, తరువాతి ఎంట్రీ ఫారంలో నోవిస్ అని రాయవచ్చు.